మందు చల్లితిమి - ఆకు తడిసినదా?



పురుగు పట్టిన చేనిలో మందు చల్లి, మూడవనాడు పోయి చూచి, పురుగు ఎప్పటివలెనే యుండుట కనుగొని గట్టుమీద తల పట్టుకొని కూర్చున్న రైతును మీరు చూచియుందురు. ఒక్కొక్కప్పుడు ఆ రైతు మీరే కావచ్చును. అట్టి సమయమున సాధారణముగా మూడు మాటలు వినవచ్చుచుండును. "మందు నకిలీది" అనునది మొదటి మాట. "పురుగు మందుకు అలవాటుపడినది" అనునది రెండవది. "మోతాదు చాలలేదు, ఈసారి రెట్టింపు వేయుదము" అనునది మూడవది.

ఈ మూడును కొన్ని తావుల నిజము కావచ్చును. నకిలీ మందులు లేవని గాని, పురుగులు మందులను తట్టుకొను శక్తిని సంపాదించవని గాని నేను చెప్పబోవుట లేదు. కాని నాల్గవ మాట యొకటి కలదు. దానిని అడుగువారు బహు తక్కువ. "చల్లిన మందు ఆకును తడిపినదా?" అనునదే ఆ మాట. ఈ ప్రశ్న వేయకుండ మోతాదు పెంచుట బూడిదలో పన్నీరు పోయుటయే యని నా అభిప్రాయము. ఎందువలన నట్లు చెప్పుచున్నానో మీ ముందు పెట్టెదను. పరీక్షించి చూచి, నిజమని తోచిననే ఆచరింపుడు.

ఉల్లి మడిలో ముంచిన ఆకు

కొన్ని సంవత్సరముల క్రిందట కర్నూలు ప్రాంతమున ఒక ఉల్లి మడికి పోయితిని. ఆకులపై తెల్లని చారలు పడి, కొనలు ఎండుచున్నవి. తామరపురుగుల పని యది. రైతు అప్పటికి రెండుసార్లు మందు చల్లెను. మూడవసారి చల్లుటకు, సీసా మీద వ్రాసినదానికి ఒకటిన్నర రెట్లు పోసి కలుపుచుండెను.

నేను మందు సంగతి ఎత్తలేదు. ఒక చెంబుతో మంచినీరు తెమ్మంటిని. ఉల్లి ఆకు నొకదానిని మొదట పట్టుకొని త్రుంచి, ఆ నీటిలో ముంచి పైకి తీసి చూపితిని. ఆకు పొడిగా వచ్చినది. కొనకు ఒక బొట్టు వ్రేలాడి, అదియు జారిపోయినది.

"ఇదేంది సారూ, నీళ్ళలో ముంచినా తడవలేదే!" అనెను రైతు.

"ఇప్పుడు నీవు కలిపిన మందునీటిలో ముంచి చూడు పెద్దాయనా" అంటిని.

ఆయనే ముంచెను. ఇక్కడక్కడ నాలుగు బొట్లు నిలిచినవి గాని తక్కిన ఆకంతయు పొడిగానే యుండెను. ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత, "అయితే రెండుమాట్లు నేను పోసిందంతా నేలపాలేనా?" అని అడిగెను.

అంతయు నేలపాలు కాలేదు, కాని అందులో మంచి భాగము నేలకే పోయినదని చెప్పితిని. ఆనాడు మందు మోతాదును సీసాపై వ్రాసిన మేరకే తగ్గించి, తడుపునట్టి ద్రవ్యమును కొద్దిగా కలిపి, మరల ఆకు ముంచి చూచితిమి. ఈసారి ఆకుపై పలుచని నీటిపొర నిలిచినది. ఆ ఒక్క తడవతో పురుగు మొత్తము నశించినదని గొప్పలు చెప్పను. తామరపురుగులు ఆకుల మొదళ్ళలో దాగియుండును. వానిని ఒక్కనాటితో తుడిచివేయుట కష్టము. కాని ఆ రైతు మందు ఖర్చు పెంచకుండ, ఉన్న మందును ఆకుపై నిలుపుకొనెను. నేను చెప్పదలచిన విషయమంతయు ఆ చెంబులోనే యున్నది.

నీరు ఎందుకు తడుపును, ఎందుకు తడుపదు?

నీరు దేనినైనను తడుపునని మనము అనుకొందుము. అది నిజము కాదు. నూనె పూసిన పళ్ళెముపై నీరు పోసిన బొట్లుబొట్లుగా నిలుచును. కడిగిన గాజుపలకపై పోసిన పరచుకొనును. ఎండి పొడియైన దుమ్ముపై తొలకరి చినుకు పడిన, గుండ్రముగా దుమ్ము చుట్టుకొని దొర్లును. నీరు ఒక్కటే; అది పడిన చోటు వేరు.

దీనికి కారణము రెండు లాగుడుల మధ్య జరుగు పోటీ. నీటి అణువులు ఒకదాని నొకటి గట్టిగా లాగుకొని యుండును. ఆ లాగుడువలన నీటి పైభాగము బిగించిన పొరవలె ప్రవర్తించి, ఎంత వీలైన అంత తక్కువ వైశాల్యమునకు ముడుచుకొన చూచును. దీనినే పాఠ్యపుస్తకములలో తలతన్యత అందురు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీటి తలతన్యత సెంటీమీటరుకు సుమారు 73 డైనులు. మనము వాడు సాధారణ ద్రవములలో ఇది చాల ఎక్కువ. రెండవ లాగుడు, నీటికిని అది పడిన వస్తువునకును మధ్య నుండునది. వస్తువు గట్టిగా లాగిన నీరు పరచుకొనును. వస్తువు లాగలేకపోయిన నీరు తనలో తాను ముడుచుకొని బొట్టుగా నిలుచును.

ఈ పోటీలో ఎవరు గెలిచిరో కొలుచుటకు ఒక సులభమైన గుర్తు కలదు. బొట్టు అంచు వస్తువును తాకు చోట, బొట్టు లోపలివైపున ఏర్పడు కోణమును చూడవలెను. దీనికి స్పర్శకోణమని పేరు. ఈ కోణమునకును లాగుడులకును గల సంబంధమును ఇంగ్లండులో వైద్యుడును శాస్త్రజ్ఞుడును అయిన థామస్ యంగ్ 1805లో వివరించెను. కోణము చిన్నదైన కొలది బొట్టు చదునుగా పరచుకొనినట్లు. 90 డిగ్రీలు దాటిన ఆ వస్తువు తడియుటకు ఇష్టపడనట్లు. 150 డిగ్రీలు దాటిన బొట్టు ముత్యమువలె నిలిచి, కొద్దిగా వంచినంతనే దొర్లిపోవును.

తామరాకు మీద నీటిబొట్టు అని మనవారు ఏనాటినుండియో చెప్పుకొను మాట ఈ చివరి తరగతికి చెందినదే. తామరాకుపై ఈ కోణము సుమారు 160 డిగ్రీలు. ఆకుపై మైనపు పూత యుండుట మాత్రమే దీనికి కారణము కాదు. ఆ ఆకు ముఖము నున్నగా నుండదు. కంటికి కనిపించని చిన్న చిన్న బుడిపెలు, వానిపై ఇంకను చిన్నవగు మైనపు పలుకులు ఉండును. బొట్టు ఆ బుడిపెల కొనలపై మాత్రమే కూర్చుండును; క్రిందనంతయు గాలియే. జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అనువారు 1997లో ప్రకటించిన వ్యాసమున ఈ నిర్మాణమును, దొర్లు బొట్టు ఆకుపై దుమ్మును గూడ ఊడ్చుకొనిపోవుటను విపులముగా చూపిరి.

మన వరి ఆకు ఈ కుటుంబములోనిదే. వరి ఆకుపై బుడిపెలు ఆకు పొడవునకు వరుసలుగా నుండుటచే బొట్లు నిలువునా సులభముగ జారును. వరదలో మునిగిన వరి ఆకు నీటిలోపల వెండివలె మెరయుట మీరు చూచియుందురు. ఆ మెరుపు ఆకును అంటియున్న పలుచని గాలిపొరది. ఆ గాలిపొర మునిగిన పైరు ఊపిరి తీసుకొనుటకు తోడ్పడును. అనగా, ఆకు తడియకుండుట పైరుకు మేలే. శిలీంధ్రపు బీజములు చాలవరకు మొలకెత్తుటకు ఆకుపై తడి కావలెను. మంచు ఎక్కువగా కురియు రోజులలో వరికి అగ్గితెగులు పెచ్చరిల్లుట అందరెరిగినదే. తన్ను కాపాడుకొనుటకు ఆకు కప్పుకొన్న ఆ కవచమే, మనము మందు చల్లునపుడు మనకు అడ్డు వచ్చుచున్నది.

ఒక చదరపు మీటరు లెక్క

చేతిపంపుతో వరికి ఎకరమునకు సుమారు 200 లీటర్ల మందునీరు చల్లుట వాడుక. ఎకరమనగా 4,047 చదరపు మీటర్లు. అనగా చదరపు మీటరు నేలకు దాదాపు 50 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసులో సగము. బాగుగ గుబురు కట్టిన వరిలో ఒక చదరపు మీటరు నేలపై 4, 5 చదరపు మీటర్ల ఆకు ఉండును. అప్పుడు చదరపు మీటరు ఆకునకు వచ్చునది 10 మిల్లీలీటర్లు. చల్లినది ఒక్క చుక్కయు జారక, ఆకంతటను సమముగ పరచుకొనినను, ఆ పొర మందము మిల్లీమీటరులో నూరవ వంతు. తలవెంట్రుక మందముకన్న తక్కువ.

ఇక జారిపోయిన సంగతి చూడుడు. పెద్ద చినుకు వేగముగ వచ్చి వరి ఆకుపై పడిన, రబ్బరు బంతివలె ఎగిరి క్రిందపడును. పాడైన, అరిగిన నాజిలుతో చల్లినపుడు జరుగుచున్నది ఇదే. చినుకు వ్యాసమును సగము చేసిన, అదే నీటినుండి ఎనిమిది చినుకులు వచ్చును. అవి తేలికగా నుండుటచే ఎగిరిపోక నిలుచుటకు అవకాశము హెచ్చు. కనుక జిగురు మందు కొనుటకు ముందు, కొన్ని పదుల రూపాయలు పెట్టి నాజిలు మార్చుకొనుట మేలు. నాజిలు అరిగినదో లేదో చూచుకొనని రైతు, ఎన్ని సీసాలు కొనినను వాని ఖర్చు నేలపాలే. అయితే మరీ సన్నని తుంపర గాలికి కొట్టుకొనిపోయి ప్రక్క చేలపైనను, చల్లువాని ముఖముపైనను పడును. మితము తెలిసి వాడవలెను.

సబ్బు చేయు పని

నూనె రాచిన తలకు వట్టి నీరు పోసిన, నీరు జారిపోవును గాని తల తడియదు. కుంకుడుకాయ రసము పోసినంతనే నీరు వెంట్రుక వెంట్రుకకును పట్టును. మన తల్లులు, అక్కచెల్లెండ్రు ప్రతి వారము చేయు ఈ పనిలోనే మనకు కావలసిన శాస్త్రమంతయు ఉన్నది.

సబ్బు అణువునకు రెండు కొనలుండును. ఒక కొన నీటిని కోరును. రెండవ కొన నీటిని విడిచి నూనెను, మైనమును కోరును. అట్టి అణువులు నీటి పైభాగమున చేరి, నీటి అణువుల పట్టు సడలించును. సబ్బునీటి తలతన్యత 73 నుండి 30 డైనుల ప్రాంతమునకు దిగును. పట్టు సడలిన నీరు మైనపు ఆకుపై గూడ పరచుకొనును. కుంకుడుకాయలో నురగనిచ్చు సేపోనినులు చేయు పనియు ఇట్టిదే. ఇటీవల అంగడిలోనికి వచ్చిన సిలికోను జాతి ద్రవ్యములు తలతన్యతను 20, 22 డైనుల వరకు దించును. వానిని కలిపిన బొట్టు ఆకుపై పడినంతనే కన్నులయెదుటనే పాకును.

వీనినే అంగడిలో "స్టిక్కరు" అనియు, "గమ్" అనియు, "జిగురు మందు" అనియు పిలుచుచున్నారు. ఈ పేరే మనలను కొంత పొరబాటు పట్టించుచున్నది. తడుపుట వేరు, అంటించుట వేరు. సబ్బు మందును పరచును గాని అంటించి యుంచదు. పైగా వాన పడిన, ఆకుపై నున్న సబ్బు మరల తడిసి మందును కడిగివేయుటకు తోడ్పడును. వానకు నిలువవలెనన్న అంటించు గుణము గల ద్రవ్యము కావలెను. కర్ణాటకమున మలెనాడు వక్కతోటలలో వానకాలపు కాయకుళ్ళును అరికట్టుటకు వాడు బోర్డో మిశ్రమమున రోజనము, సోడా కలిపి ఉడికించినది చేర్చు అలవాటు ఇందుకే వచ్చినది. బోర్డో మిశ్రమమే సహజముగ ఆకును గట్టిగ అంటును. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు రైతులు, బాటసారులు ద్రాక్షపండ్లు కోసికొనకుండుటకు బాట ప్రక్క తీగెలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగెలకే బూజు తెగులు తగ్గుటను చూచి మిలార్డే అను పండితుడు 1885లో ఆ మిశ్రమమును లోకమునకు తెలిపెను. చల్లిన మరక తీగెపై రోజుల తరబడి నిలువకపోయిన, ఆ గుణము ఎవరి కంటను పడియుండెడిదో కాదో!

కావున అంగడికి పోయినపుడు "జిగురు ఇయ్యి" అని మాత్రము అడుగక, "ఇది తడుపునదా, అంటించునదా, రెండును చేయునదా?" అని అడుగుడు. చెప్పలేని అంగడివానివద్ద కొనవలదు.

ఏ పైరుకు కావలెను, దేనికి అక్కరలేదు?

ఇక్కడ నా అభిప్రాయమునకు రెండు వైపులనుండి ఆక్షేపణ రాగలదు. "మా తండ్రి ఏ జిగురును లేకయే పండించెను" అని పెద్దలు అందురు. వారు మరచిన సంగతి యేమనగా, ఆ కాలమున చాలవరకు పొడి మందులే చల్లెడివారు. బి.హెచ్.సి. వంటి పొడిని తెల్లవారుజామున మంచుతడిపై చల్లిన అది అంటుకొనెడిది. నీటిబొట్టు జారు ప్రశ్నయే లేదు. ఆ బి.హెచ్.సి.ని మన దేశమున 1997లో నిషేధించిరి. అంతకుముందు కిరసనాయిలు చల్లినవారు సబ్బుతో చిలికియే చల్లిరి. వేపనూనె చల్లిన పెద్దలు సబ్బు లేక చల్లియుండరు. నూనె నీటిలో కలియదు గదా!

రెండవ వైపున మందుల వర్తకుడు, "ప్రతి పంపునకును జిగురు పోయవలెను" అనును. ఇదియు సరికాదు. మందు సీసాపై ఇ.సి. అని యున్న నూనె మందులలో, నీటితో కలియుటకు కావలసిన సబ్బుజాతి ద్రవ్యము కొంత ముందే చేరియుండును. ముదిరిన పత్తి ఆకు వంటివి నీటిని చాలవరకు పరచనిచ్చును. అట్టి పైరుకు ఇంకను తడుపు ద్రవ్యము పోసిన, నీరు పొరకట్టి ఆకు కొననుండి కారిపోవును. పోయకున్న నిలిచియుండు మందు, పోసినందున నేల చేరును. ఎక్కువ తడుపుటయు తక్కువ తడుపుటవలెనే నష్టమని గుర్తుంచుకొనుడు.

తప్పక చూచుకొనవలసినవి వరి, గోధుమ, ఉల్లి, క్యాబేజి, కాలిఫ్లవరు, చేమ. వీని ఆకులు మైనపు ఆకులు. అట్లే పిండినల్లి పట్టిన తోటలు. పిండినల్లి తన ఒంటిపై మైనపు పొడి కప్పుకొనియుండును. వట్టి మందునీరు దానిపై తామరాకు మీద బొట్టే యగును.

వేపగింజల కషాయము వాడు రైతులు ఈ సంగతి ముందే ఎరుగుదురు. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని నీటిలో రాత్రి నానవేసి, గుడ్డలో వడగట్టి, 100 లీటర్లు చేసి, లీటరునకు ఒక గ్రాము వంతున సబ్బుపొడి కలిపి చల్లుదురు. వేపనూనెయైన లీటరునకు 5 మిల్లీలీటర్లు, ముందు సబ్బుతో బాగుగ చిలికి, పిదప నీరు చేర్చవలెను. సబ్బు కలిపినదానిని నిలువయుంచక వెంటనే చల్లవలెను. సబ్బు వలన నీటికి క్షారగుణము వచ్చును. అందులో వేప గుణము మాత్రమే కాక మలాథియాను వంటి మందుల గుణమును త్వరగా చెడును.

ఇంకొక చిక్కు బోరు నీటిది. కొన్ని బోరుల నీటిలో సబ్బు నురగ రాదు. పెరుగు విరిగినట్లు తెట్టు కట్టును. అట్టి నీటిలో సబ్బు పోసిన అది తడుపు పని చేయకపోగా, తెట్టు పోయి నాజిలును మూయును. అట్టి చోట చెరువు నీరో, కాలువ నీరో వడగట్టి వాడుడు. లేదా నురగరాని నీటిలోను పనిచేయు తడుపు ద్రవ్యమును ఎంచుకొనుడు. షాంపూ పొట్లములను, బట్టల సోడాను పంపులో వేయు అలవాటు కొన్ని ఊళ్ళలో పెరుగుచున్నది. వానిలో ఏమున్నదో, ఏ మందుతో ఎట్లు ప్రవర్తించునో పొట్లముపై వ్రాయరు. లేత ఆకులు మాడిన చేలను నేను చూచితిని. ఆ అలవాటును మానుడని నా సలహా.

చెంబు పరీక్ష

ఇంత విన్న పిదప మీరు చేయవలసిన పరీక్ష చాల సులభము.

1. చేనిలో నాలుగు చోట్లనుండి ఆరోగ్యముగ నున్న ఆకులు తెండు. కాడ పట్టుకొని త్రుంచుడు. ఆకును వ్రేళ్ళతో రుద్దరాదు. రుద్దిన మైనము పోయి తప్పు ఫలితము వచ్చును.

2. మంచినీటిలో ముంచి తీయుడు. ఆకంతయు తడిసి వచ్చిన, ఆ పైరుకు తడుపు ద్రవ్యము సాధారణముగ అక్కరలేదు. పొడిగా వచ్చిన కావలెను.

3. చల్లబోవు మందునీటిని సీసాపై వ్రాసిన మోతాదున ఒక లీటరు మాత్రమే కలుపుడు. చేతికి రబ్బరు తొడుగు వేసికొని, ఇంకొక ఆకును అందులో ముంచుడు. తడిసి వచ్చిన, మందులోనే కావలసినది కలదు, వేరుగా కొనవలదు.

4. తడియకున్న, తడుపు ద్రవ్యము సీసాపై చెప్పినదానిలో సగము కలిపి ముంచి చూడుడు. చాలకున్న పూర్తి మోతాదు కలుపుడు. అంతకు మించరాదు. ఆకుపై పలుచని పొర నిలిచి, కొననుండి ధార కారకుండుట సరియైన గురుతు.

5. ఆ మందును ఆ ద్రవ్యముతో కలుప వచ్చునని చీటీపై లేకున్న, నాలుగు మొక్కలపై మాత్రము చల్లి రెండు రోజులు చూచి, మాడకున్న తరువాతనే చేనంతటికి పొండు. కలుపు మందుల విషయమున ఈ స్వేచ్ఛయు వలదు. చీటీలో చెప్పనిదే ఏదియు కలుపరాదు. కలుపును చంపి పైరును విడుచు గుణము, తడుపు పెరిగిన చెడవచ్చును.

పొడి మందులను నేరుగా పంపులో పోయక, మొదట కొంచెము నీటితో ముద్దగా కలిపి, పిదప పలుచన చేయుడు. ఎండిన పొడి నీటిపై తేలుటయు తడుపు సమస్యయే.

చివరిగా, తడిసిన ఆకు సరియైన ఆకు కూడ కావలెను. సుడిదోమ వరి దుబ్బు మొదట నుండును. పై ఆకులను ఎంత చక్కగ తడిపినను దానికి తగులదు. నాటునపుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచి, పాయలు తీసి, మొదళ్ళు తడియునట్లు చల్లవలెను. ఆకు అడుగున నుండు పురుగుకు నాజిలు పైకి త్రిప్పి చల్లవలెను. ఇవి చేయక జిగురు మందును నమ్ముకొనుట గొళ్ళెము వేయక తాళము కొనుటవంటిది.

సబ్బుకు చేయి, ఆకు అను భేదము లేదు

ఒక హెచ్చరిక చేయక ముగింపలేను. ఆకుపై పరచుకొను మందు మీ చర్మముపైనను పరచుకొనును. గుడ్డలోనికి త్వరగా ఇంకును. తడుపు ద్రవ్యము కలిపిన నాడు రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముఖమునకు గుడ్డ మరింత అవసరము. కారుచున్న పంపును వీపున మోయరాదు. గాలికి ఎదురుగ చల్లరాదు. ఇంట చేయు కూలివానికి ఈ వస్తువులు కొనియిచ్చుట దానము కాదు. పని చేయించుకొనువాని బాధ్యత. సబ్బునీరు తేనెటీగలను గూడ చంపగలదు. పూతమీద నున్న పైరుకు ఈగలు తిరుగు వేళ చల్లక, సాయంకాలము చల్లుడు. పంపు కడిగిన నీరు చెరువులోను కాలువలోను పోయరాదు.

గ్రామోద్యోగులకు మనవి

గ్రామములలో పనిచేయు వ్యవసాయ సహాయకులును, విస్తరణాధికారులును రైతులకు మందు పేరు, మోతాదు చెప్పుచున్నారు. దానితో మన పని ముగియలేదని నా నమ్మకము. ఎకరమునకు ఎంత చల్లితిరని అడుగుటతో పాటు, ఆకు తడిసినదా యని అడుగుట మన అలవాటు కావలెను. ప్రతి పంటకాలము మొదట, ఊరి రచ్చబండవద్ద ఒక చెంబు, నాలుగు రకముల ఆకులు పెట్టి ఈ పరీక్షను చేసి చూపుటకు అరగంట చాలును. ఖర్చు లేదు. ఉపన్యాసముకన్న చేసి చూపినది రైతు మరువడు. నకిలీ మందు అని ఫిర్యాదు వచ్చినపుడు, మందు నమూనా తీయుట ఎంత ముఖ్యమో, ఆ మందునీటిలో ఆ చేని ఆకును ముంచి చూచుటయు అంత ముఖ్యము. లేనిచో మంచి మందును నకిలీయని, నకిలీ మందును మంచిదని పొరబడుదుము.

ఇపుడు డ్రోనులు వచ్చినవి. డ్రోను ఎకరమునకు చల్లునది సుమారు 10 లీటర్లు. చదరపు మీటరు నేలకు రెండున్నర మిల్లీలీటర్లు మాత్రమే. చేతిపంపుతో చల్లినపుడు సగము జారినను మిగిలినదానితో కొంత పని జరుగుచుండెను. ఇక్కడ ప్రతి బొట్టును చిక్కని మందే. నిలిచిన బొట్టుకే లెక్క. కనుక డ్రోను పిలుచు రైతు, "ఎకరమునకెంత?" అని బాడుగ అడుగుటతో ఆగక, "ఈ పైరు ఆకుపై మీ బొట్టు నిలుచునా, చూపండి" అని అడుగవలెను. నడుపువారు ఆకు ముంచి చూపుటకు సిద్ధముగ నుండవలెను.

మందు చీటీలపై తెలుగులో, ఏ పైరుకు తడుపు ద్రవ్యము కలుపవలెనో, దేనికి కలుపరాదో పెద్ద అక్షరములలో అచ్చు వేయించుట కంపెనీల ధర్మమని గూడ నా అభిప్రాయము. ఇప్పుడు భూతద్దముతో వెదకవలసి వచ్చుచున్నది.

సోదరులారా, మోతాదు రెట్టింపు చేసినపుడు మీ అప్పు పెరుగును. నేలలోను, నీటిలోను విషము పెరుగును. మీ ఇంటివారు తిను కూరలో మిగులు మందును పెరుగును. ఆకు తడియనంతవరకు వీనిలో ఏదియు పురుగును తాకదు. మరల మందు కొనుటకు బయలుదేరుటకు ముందు, చేనికి పోయి ఒక ఆకు త్రుంచి నీటిలో ముంచి చూడుడు. ఆ ఆకు పొడిగా వచ్చిన, మీకు కావలసినది రెండవ సీసా కాదు.